తొంభై రోజుల బాకీ, నూట యాభై రోజుల వరి

బందరు కాలేజీలో పధ్నాలుగేళ్ళు కామర్స్ పాఠాలు చెప్పాను. వాటిలో నాకు పేరు తెచ్చింది వర్కింగ్ క్యాపిటల్. వ్యాపారంలో పెట్టిన రూపాయి ముందు సరుకవుతుంది, తర్వాత ఎవరో మనకివ్వాల్సిన బాకీ అవుతుంది, చివరికి మళ్ళీ రూపాయై జేబులో పడుతుంది. ఈ తిరుగుడుకి పట్టే రోజులు మనం అప్పు తీర్చాల్సిన గడువు కంటే ఎక్కువైతే ఎంత లాభసాటి వ్యాపారమైనా మునుగుతుంది. ఈ మాట చెప్పి, బోర్డు మీద గుండ్రంగా బాణాలు గీసి చూపించేవాణ్ణి. పిల్లలు బుద్ధిగా రాసుకునేవారు. వాళ్ళతో పాటు నేనూ రాసుకోవలసింది.

నా పేరు దక్షిణామూర్తి. ఆ పేరుగల దేవుడు నోరు విప్పకుండానే శిష్యుల సందేహాలన్నీ తీర్చాడట. నేను రోజుకి నాలుగు గంటలు నోరు విప్పి ఊళ్ళో పిల్లలందరి సందేహాలూ తీర్చాను. అంత తెలిసినవాడివి నువ్వెలా మునిగావయ్యా అన్న సందేహం మాత్రం మిగిలిపోయింది. దానికి సమాధానమే ఇది.

మా అమ్మ నాగేంద్రమ్మ మున్సిపల్ హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరయింది. ఈడేపల్లిలో మేముంటున్న ఇల్లు ఆవిడ ప్రావిడెంటు ఫండుతో కట్టుకున్నది, ఆవిడ పేరు మీదే ఉంది. తొంభై ఆరులో చూపు మందగించిందంటే గుడివాడ తీసుకెళ్ళి డాక్టర్ దయామణిగారికి చూపించాను. ఆవిడ చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి, ఇంకా ముదరలేదు, ఏడాది ఆగి చేద్దాం అన్నారు. మాటల్లో మాటగా, కంట్లో పెట్టే లెన్సు ఒక్కోటీ మద్రాసు నుంచి తెప్పించుకోవలసి వస్తోందని, అది వచ్చేదాకా పేషెంటును మంచం మీద కూర్చోబెడుతున్నామని విసుక్కున్నారు.

అమ్మ కంటి చుక్కల మందు కొనుక్కుని తిరుగు బస్సెక్కింది. నేను వ్యాపారం కొనుక్కుని ఎక్కాను.

"ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు చేస్తారండీ?" అని డాక్టరుగారిని అడిగాను. ఎనిమిది వందల దాకా అన్నారు. దాన్ని పన్నెండుతో భాగించాను. నెలకి అరవై ఏడు, మూడు నెలలకి రెండు వందలు. గుడివాడలో రెండు వందలు పోతే బందరులో ఇంకో రెండు వందలు పోవా అనుకున్నాను. బందరు డాక్టర్లను అడగాలని మాత్రం తోచలేదు. అమెరికా కంపెనీకి నాలుగు వందల లెన్సులకి ఆర్డరు పెట్టాను. ఒక్కోటి తొమ్మిది వందలు పడుతుంది, పధ్నాలుగు వందలకి అమ్మొచ్చు. కంపెనీకి మా బ్యాంకు పూచీ ఉంటుంది, సరుకు బయల్దేరిన తొంభై రోజులకి నేను బ్యాంకులో డబ్బు కట్టాలి. తొంభై రోజుల్లో సరుకు ఖాళీ, డబ్బు చేతిలో. ఎంత అందమైన లెక్క! కాలేజీకి రాజీనామా ఇచ్చిన రోజు ప్రిన్సిపాల్‌గారికి కూడా ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను.

డాక్టరుగారు ముందే హెచ్చరించారు. "మూర్తిగారూ, దివిసీమ పేషెంట్లు నా ఫీజే మాసూళ్ళకి ఇస్తారండీ. పంట ఇంటికొచ్చాక తెచ్చిస్తారు. మీ లెన్సుకీ అంతే. బాగా ఆలోచించుకోండి" అన్నారు. ఆలోచిస్తానండీ అన్నాను. ఆలోచించడానికి వెళ్ళింది మాత్రం సైన్‌బోర్డు రాసేవాడి దగ్గరికి.

బ్యాంకు పూచీ ఊరికే రాదు కదా. ఇంటి దస్తావేజులు కావాలన్నారు. అప్పటికి అమ్మ చూపు ఇంకా తగ్గింది. మనుషుల్ని గొంతును బట్టి పోల్చుకుంటోంది. "వ్యాపారానికి నువ్వు సాక్షి సంతకం పెట్టాలమ్మా" అని రిక్షాలో బ్యాంకుకి తీసుకెళ్ళాను. కాగితాలన్నీ చదువుకున్నారా అమ్మా అని మేనేజరు అడిగాడు. "మావాడు చదివాడు నాయనా. వాడికి అర్థమైతే నాకు అర్థమైనట్టే" అంది. సంతకం ఎక్కడో నేను వేలు పెట్టి చూపించాను. "ఇక్కడమ్మా" అంటే అక్కడ పెట్టింది. అలా ఏడుసార్లు వేలు పెట్టాను, ఏడుసార్లు సంతకం పెట్టింది. రిక్షాలో ఇంటికి వస్తూ, మేనేజరు మర్యాదస్తుడురా అని మెచ్చుకుంది.

వీధి అరుగు మీద 'దక్షిణామూర్తి సర్జికల్ ఇంపోర్ట్స్' అని బోర్డు లేచింది. ఒకప్పుడు డచ్చివాళ్ళు ఓడల్లో సరుకు దింపిన ఊరు మాది. ఓడ ఎప్పుడొస్తోంది మాస్టారూ అని పేటలో అందరూ అడిగారు. సరుకు మద్రాసుకి విమానంలో వచ్చి, అక్కణ్ణుంచి బెజవాడకి రైల్లో, బెజవాడ నుంచి బందరుకి నా ఒళ్ళో వచ్చింది. మొత్తం ఒకే ఒక అట్టపెట్టె. దాన్ని దింపడానికి కూలీ కూడా అక్కర్లేకపోయేసరికి చూడవచ్చిన జనం నిరాశపడ్డారు.

అది తొంభై ఏడు ఆగస్టు నెలాఖరు. దివిసీమంతా నాట్లయి చేలు పచ్చగా ఉన్నాయి. డాక్టరుగారి కాంపౌండరు జకరయ్య దివిసీమవాడే. చూపు తగ్గిన ముసలివాళ్ళను ఊరూరా పోగుచేసి గుడివాడ బస్సెక్కించేది అతనే. నేనూ అతని వెంట తిరిగాను. నాగాయలంక దగ్గర కోటేశ్వరరావు అనే రైతు, వాళ్ళమ్మకు ఆపరేషన్ చేయించి, మాకు అరుగు మీద మజ్జిగ ఇచ్చి, లెన్సు డబ్బు మాట వచ్చేసరికి చేను వైపు చెయ్యి చూపించాడు.

"అదిగో మాస్టారూ, మీ డబ్బు ఎదుగుతా ఉంది. స్వర్ణ వరి వేశాను. కోతలవగానే మొదటి బస్తా మీదే."

మిగతావాళ్ళు ఆపరేషన్‌కే కోతలయ్యాక వస్తామన్నారు. నవంబరు ఆఖరుకి నేను కట్టాల్సిన గడువొచ్చింది. అప్పటికి కళ్ళలోకి వెళ్ళిన లెన్సులు ముప్పై ఎనిమిది, డబ్బొచ్చినవి నాలుగు. మిగిలినవి మా ఇంట్లో అమ్మ పట్టుచీరల బీరువాలో నాప్తలీన్ ఉండల పక్కన ఉన్నాయి. ఇంకా విచిత్రం, పవర్లు. పది నుంచి ఇరవై ఎనిమిది దాకా అన్ని పవర్లూ సమానంగా తెప్పించాను, ఎవరికీ తక్కువ చేయకూడదని. తీరా చూస్తే జనం కళ్ళలో ఎక్కువ భాగానికి సరిపోయేవి ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఆ మూడూ అయిపోవచ్చాయి. మిగతావి ఏ కంటికీ కాకుండా కూర్చున్నాయి.

నెల రోజులు గడువు అడిగాను. బ్యాంకువాళ్ళు ఇచ్చారు. ఆ నెలలో డాలరు ముప్పై ఆరు నుంచి ముప్పై తొమ్మిదికి లేచి కూర్చుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడింది. కట్టాల్సిన మొత్తం వడ్డీ మీద నడిచే అప్పుగా మారింది, బ్యాంకు నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఇల్లు అమ్మది కాబట్టి ఉత్తరాలూ అమ్మ పేరనే వచ్చేవి.

మొదటి ఉత్తరాన్ని పోస్ట్‌మాన్ అమ్మ చేతికే ఇచ్చాడు. "ఎక్కడి నుంచిరా?" అని నాకందించింది. నోటికొచ్చింది అనేశాను. "పెన్షనర్ల సంఘం వాళ్ళమ్మా. సమావేశమట."

అబద్ధం ఒకసారి ఆడితే సరిపోదు, దాన్ని పోషించాలి. రెండో ఉత్తరానికి సంఘం వార్షికోత్సవం జరిపించాను. మూడోదానికి అధ్యక్షుడి ఎన్నిక. నాలుగోదానికి ఆ అధ్యక్షుడి మీద అవిశ్వాస తీర్మానం. "ఈ సంఘం వాళ్ళకి సమావేశాలు తప్ప పనిలేదా? ఒక్కసారైనా కాఫీ పోసిన పాపాన పోయారా?" అంది అమ్మ. నా భార్య సరోజిని వంటింట్లోంచి వింటూ చేతిలో గరిటెను గిన్నెకేసి కొట్టేది. ఆ చప్పుడు నాకే అని నాకు తెలుసు.

అప్పటికి అమ్మ శుక్లాలు బాగా ముదిరాయి. తీసుకురమ్మని డాక్టరుగారు రెండుసార్లు కబురు చేశారు. ఇక్కడ నా గొప్పతనం చెప్పుకోవాలి. మాఘం, ఫాల్గుణం కంటి ఆపరేషన్లకి అసలైన రద్దీ నెలలు. ఆ ఏడు సరిగ్గా అప్పుడే గురు మూఢం వచ్చి పడింది. మూఢంలో కన్ను కోయించుకుంటామా అని దివిసీమలో ముసలమ్మలంతా మంచాలు దిగలేదు. నేను ఊరూరా తిరిగి, ఇదంతా మూర్ఖత్వం, గురుగ్రహానికీ మీ కంటికీ సంబంధమేమిటి అని ఉపన్యాసాలు ఇచ్చాను. ఆ సాయంత్రమే గుడివాడలో డాక్టరుగారు, "మరి మీ అమ్మగారిని ఎప్పుడు తెస్తారు?" అంటే, "మూఢం కదండీ, పోనివ్వండి" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి నావైపు చూశారు. నాకు ఒళ్ళంతా సిగ్గేసింది. లెన్సులమ్ముకునే నేను, మా అమ్మకి చూపు రాకూడదని కోరుకుంటున్నాను. చూపు వస్తే ఉత్తరాలు చదువుతుంది.

"ఆవిడకి కళ్ళొస్తే మనకి బైర్లు కమ్ముతాయి" అంది సరోజిని. "అయినా సరే చేయించండి. ఆవిడ గోడలు తడుముకుంటూ నడుస్తుంటే నేను చూడలేకపోతున్నాను." నేను వినలేదు.

ఫాల్గుణంలో ఒక పొద్దున జకరయ్య, వెనక నలుగురు ముసలమ్మలు, వాళ్ళకి తోడు కోటేశ్వరరావు, అవనిగడ్డ బస్సు దిగి మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు తాగి జకరయ్య నాతో గొంతు తగ్గించి అన్నాడు.

"ఏమనుకోకండి సార్. ఊళ్ళో అందరూ ఒకటే మాట. ఆ మాస్టారు వాళ్ళమ్మకే ఏయించలేదంట, మనకెందుకేయిస్తున్నాడంటన్నారు. అదేదో అమ్మగారినే అడుగుతామని బయల్దేరారు. నేను ఆపలేకపోయాను."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో వాయిదా వేసి రచ్చకెక్కాను.

ముసలమ్మల్లో ఒకావిడ అమ్మ పక్కన కూర్చుని నేరుగా అడిగింది. "ఏమ్మా, మీ అబ్బాయి నీకు కంట్లో అద్దం పెట్టించలేదంటగా? ఎందుకనమ్మా?"

అమ్మ నేనున్న వైపు తల తిప్పింది. నేను గొంతు సవరించుకునే లోపే, "వాడు ఏడాది నుంచీ బతిమాలుతున్నాడమ్మా. నేనే భయపడి వాయిదా వేస్తున్నా" అంది. "ఇప్పుడు చేయించుకుంటున్నాగా. ఎల్లుండే."

"మూఢం కదమ్మా?"

"మూఢం పెళ్ళిళ్ళకే తల్లీ. కళ్ళకి కాదు."

వాళ్ళు వెళ్ళాక అమ్మ నన్ను పిలిచింది. "ఒరేయ్ మూర్తీ, నీ వ్యాపారం నా కన్ను దగ్గర ఆగిపోయిందని నాకెందుకు చెప్పలేదురా?" అంటూ కొంగు ముడి విప్పి, పెన్షన్ డబ్బులోంచి పధ్నాలుగు వందనోట్లు, తడిమి తడిమి లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. "లెన్సు డబ్బు ముందే తీసుకో. అందరికీ అప్పిచ్చి చెడిపోతున్నావట, జకరయ్య చెప్పాడు." దక్షిణామూర్తి సర్జికల్ ఇంపోర్ట్స్ చరిత్రలో ముందుగా డబ్బు కట్టి సరుకు తీసుకున్న ఖాతాదారు ఆవిడ ఒక్కతే. ఆ నోట్లు తీసుకోకూడదని తెలుసు. అయినా తీసుకున్నాను.

గుడివాడలో కొలిస్తే అమ్మ కంటికి ఇరవై ఆరు పవరు కావాలన్నారు. ఎవరికీ పట్టక బీరువాలో మూలుగుతున్న సరుకు. డెల్టా మొత్తంలో నా దండగ బేరానికి సరిపోయే కన్ను మా ఇంట్లోనే ఉంది. కుట్లు వేశారు, ఆరు వారాల తర్వాత చదువుకునే అద్దాలు ఇస్తామన్నారు.

కట్టు విప్పిన మర్నాడే అమ్మ జకరయ్యతో దివిసీమ వెళ్తానంది. నల్లద్దాలు పెట్టుకుని, మూడు ఊళ్ళలో అరుగుల మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళని ఫలానా రంగు చీర అని గుర్తుపట్టి చూపించింది. అంతే. మూఢం ఉండగానే జనం కదిలారు. ఆ నెలన్నరలో నూట ఇరవై మంది ఆపరేషన్ చేయించుకున్నారు. కావలసిన పవర్లు లేకపోతే, పనికిరాని పవర్లకి నష్టం కట్టి మద్రాసు వ్యాపారి దగ్గర మార్చుకుని మరీ ఇచ్చాను. నా ఉపన్యాసాలకి కదలని దివిసీమ అమ్మ నల్లద్దాలకి కదిలింది.

డబ్బు? కోటేశ్వరరావుతో సహా పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ ఒకటే మాట చెప్పారు. వడ్ల డబ్బు ఎరువుల కొట్టుకీ పెళ్ళిళ్ళకీ అయిపోయింది, వచ్చే మాసూళ్ళకి ఇస్తాం. అమ్మకం వేరు, చేతికొచ్చిన డబ్బు వేరు, రెండూ ఒకటనుకునేవాడు పరీక్ష తప్పుతాడని ఏటా మొదటి రోజే చెప్పేవాణ్ణి. జూన్ నెలాఖరులోగా మొత్తం కట్టకపోతే ఇల్లు వేలం వేస్తామని బ్యాంకు అంది. పంటేమో డిసెంబరులో వస్తుంది.

ఏప్రిల్ ఆఖరున ఒక మధ్యాహ్నం నేను మద్రాసు నుంచి ఇల్లు చేరేసరికి అమ్మ హాల్లో పడక్కుర్చీలో కూర్చుని ఉంది. ముక్కు మీద కొత్త అద్దాలు. నేను ఊళ్ళో లేని రోజు చూసి సరోజిని ఆవిణ్ణి గుడివాడ తీసుకెళ్ళి అద్దాలు ఇప్పించింది. అమ్మ ఒళ్ళో రిజిస్టరు పోస్టులో వచ్చిన ఉత్తరం.

"రారా మూర్తీ. కూర్చో. పెన్షనర్ల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్ళూ నువ్వు చదివావు. ఇవాళ నేను చదువుతాను, విను."

కూర్చున్నాను. అమ్మ ఉత్తరం పైకెత్తి, క్లాసులో చదివినట్టు నిదానంగా చదివింది. "నాగేంద్రమ్మగారికి. మన సంఘం ఆఖరి సమావేశం జూన్ ముప్పయ్యో తారీఖున మీ ఇంటి దగ్గర జరుగుతుంది. ఎజెండాలో ఒకటే అంశం. మీ ఇల్లు." అద్దాల పైనుంచి చూసింది. "సరిగ్గానే చదివానా?"

నేను ఏడ్చాను. నలభై ఆరేళ్ళవాణ్ణి, సిగ్గు లేకుండా ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు. ఏడవడం అయ్యేదాకా ఆగి, నా లెక్క తెమ్మంది. ప్రిన్సిపాల్‌గారికి చూపించిన కాగితమే తెచ్చిచ్చాను. దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏడాదిని పన్నెండుతో భాగించావు."

"అవునమ్మా."

"స్వర్ణ ఎన్ని రోజుల పంటరా?"

"నూట యాభై."

"నీ బాకీకి ఎన్ని రోజులు?"

"తొంభై."

"ఈ లెక్క ఆరో తరగతి పిల్లలు చేస్తారు" అంది. "నన్నొక్కసారి అడిగితే చెప్పేదాన్నిగా. కళ్ళు లేవు గాని లెక్కలు పోలేదుగా నాకు." ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాటి నుంచి నాతో మాట్లాడింది, కానీ ఉత్తరాలేవీ నా చేతికి ఇవ్వలేదు.

వేలం దాకా రానివ్వకుండా తనే ఇల్లు అమ్మకానికి పెట్టింది. మంచి ధరే వచ్చింది. బ్యాంకు బాకీ తీరగా కొంత మిగిలింది. ఆ మిగిలినదీ, నా దగ్గర ఉన్న లెన్సులూ పెట్టుకుని, గొడుగుపేటలో అద్దె వాటాలో వ్యాపారం సాగించాను. ఈసారి ఆర్డర్లు కోతలు చూసి పెట్టాను. ఒక మాట చెప్పాలి. ఆ డిసెంబరులో దివిసీమ మొత్తం డబ్బు తెచ్చిచ్చింది. ఒక్కరు కూడా ఎగ్గొట్టలేదు. కోటేశ్వరరావు అద్దింటి అడ్రసు వెతుక్కుంటూ వచ్చి, డబ్బిచ్చి, "ఇల్లు మారారేంటి మాస్టారూ?" అని అడిగాడు. గాలి బాగా వస్తుందనండీ అన్నాను.

కానీ నాకు మాటిమాటికీ గుర్తొచ్చేది ఆ జూన్‌లో రిజిస్ట్రారాఫీసులో జరిగింది. బెంచీ మీద అమ్మ, ఎదురుగా ఇల్లు కొన్నవాళ్ళు, గుమాస్తా. దస్తావేజు అమ్మ ముందు పెట్టారు. అలవాటు ఎక్కడికి పోతుంది? నేను వంగి, సంతకం చోట వేలు పెట్టి, "ఇక్కడమ్మా" అన్నాను.

అమ్మ నా వేలు పట్టుకుని పక్కన పెట్టింది. కసురుకోలేదు, పుస్తకం మీద పడ్డ ఆకును తీసినట్టు తీసింది.

"తీయరా. నాకు కనిపిస్తోంది."

అద్దాలు సర్దుకుని మొదటి పేజీ మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది. బయట జనం క్యూలో గొణుగుతున్నారు, గుమాస్తా రెండుసార్లు గోడ గడియారం చూశాడు. పదకొండు పేజీలూ చదివాకే సంతకం పెట్టింది. నేను చెయ్యి జేబులో పెట్టుకుని పక్కన నిలబడ్డాను. నేను అమ్మిన వాటిలో అన్నిటికంటే బాగా పనిచేసిన లెన్సు అదే.